నల్గొండలో పాత కారు బ్యాటరీ ఊరికే దిగిపోతుంటే: దేవరకొండ రోడ్డు ఎలక్ట్రీషియన్ దగ్గర మా అనుభవం

రెండో శనివారం వస్తుందంటే మా స్టాఫ్ రూమ్‌లో అందరికీ సంతోషం, నాకు మాత్రం రెండేళ్లపాటు టెన్షన్. శుక్రవారం సాయంత్రం బడి నుంచి వచ్చి కారు ఇంటి ముందు పెడతాను, సోమవారం పొద్దున తాళం తిప్పితే బానెట్ కింద టక్ టక్ టక్ అని చప్పుడు తప్ప ఇంజిన్ కదలదు. మామూలు ఆదివారమైతే కాస్త మూలిగి అయినా స్టార్ట్ అయ్యేది. రెండు రోజులు సెలవు కలిసొస్తే మాత్రం చాలాసార్లు పక్కింటి పిల్లలను పిలిచి తోయించాల్సి వచ్చేది. అట్లాంటి బండిని మొన్న అక్టోబర్‌లో దేవరకొండ రోడ్డులోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ రెండు రోజుల్లో బాగుచేసి ఇచ్చాడు. నల్గొండ చుట్టుపక్కల పాత కార్లు నడుపుతున్న వాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కారు 2009 మోడల్, పెట్రోల్, చిన్న బండి. మా బాపు రిటైరైన ఏడాది కొన్నాడు, ఇంకా ఏపీ 24 నంబరే. 15 ఏళ్లు నిండాక 2024లో ఆర్‌సీ మళ్లీ అయిదేళ్లకు రెన్యూవల్ చేయించాం. ఇంత ఖర్చు పెట్టి ఉంచుకోవడమెందుకు, అమ్మేయొచ్చు కదా అన్నవాళ్లు చాలామంది. ఇంజిన్ బాగుంది, నాకు చేయి అలవాటైంది, కనగల్ దాటి లోపలికి ఉన్న మా బడికి పోను రాను 40 కిలోమీటర్లకు ఇంతకంటే బండి అక్కర్లేదు. పైగా బాపుకు అది ప్రాణం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే చివరికి తేలిన వాటిలో కంపెనీ తప్పు ఒక్కటి కూడా లేదు.

ముందు మేం పెట్టిన ఖర్చు చెప్తాను. 2023 నవంబర్‌లో మొదటిసారి బ్యాటరీ దిగింది. పాతదే కదా, నాలుగేళ్లయింది అని 4,200 పెట్టి కొత్త 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ (లెక్క ప్రకారం ఒక ఆంపియర్ కరెంటును 35 గంటలు ఇచ్చేది) వేయించాం. అది సరిగ్గా 14 నెలలకు పోయింది. బ్యాటరీ షాపులో చెక్ చేసి సెల్ వీకైంది అన్నారు, వారంటీ లెక్కలో కొంత తగ్గించి ఇంకోటి ఇచ్చారు. అదీ మూడు నెలలకే అదే పాట. ఇంకో మెకానిక్ దగ్గరికి పోతే డైనమో (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) చార్జింగ్ సరిగ్గా లేదని, దాని వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటర్ మార్చి 1,800 తీసుకున్నాడు. తర్వాతి రెండో శనివారం మళ్లీ తోసుడే. ఎవరి మీదా నాకు కోపం లేదు. బ్యాటరీ పోయిందన్న మాట నిజమే, చెక్ చేస్తే పోయినట్టే చూపించింది. ఎందుకు పోయింది అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇక బాపు తన ఉపాయం తను చేశాడు. వంటింటి కిటికీ మేకుకు 10 నంబర్ స్పానర్ తగిలించి పెట్టుకుని, రోజూ రాత్రి అన్నం తిన్నాక బయటికి పోయి బ్యాటరీ మైనస్ టెర్మినల్ ఊడదీసి, పొద్దున నేను బయల్దేరే ముందు మళ్లీ బిగించేవాడు. బండి స్టార్ట్ అయ్యేది, నిజమే. కానీ రోజూ విప్పి బిగించీ విప్పి బిగించీ ఆ సీసం క్లాంపు వదులైపోయింది, ఒకసారి కనగల్ క్రాస్ రోడ్డు దగ్గర గుంతలో పడగానే బండి మొత్తం ఆగిపోయింది. 75 ఏళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, వానలో కూడా గొడుగు పట్టుకుని వెళ్లేవాడు. దసరా సెలవుల్లో నేను ఊళ్లో లేను, ఆయనకు జ్వరమొచ్చి టెర్మినల్ తీయలేదు, వచ్చి చూస్తే బ్యాటరీలో రిమోట్ లాక్ పనిచేసేంత కరెంటు కూడా లేదు. అప్పుడు మా బడి అటెండర్ చెప్పాడు ఈ షాపు గురించి.

షాపు అనడం పెద్దమాట. పంక్చర్ షాపు పక్కన వేపచెట్టు కింద రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. గోడకు పాత సెల్ఫ్ మోటార్లు (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసేవి), డైనమోలు వేలాడుతుంటాయి, ఒక చెక్క బల్ల మీద రంగురంగుల వైరు ముక్కలు పొడుగును బట్టి సర్దిపెట్టి ఉంటాయి. ఆ సర్దుడు చూసినప్పుడే నాకు సగం నమ్మకం కుదిరింది. ఆయన వయసు యాభై దాటి ఉంటుంది, అందరూ భాయ్ అంటారు, నేనూ అట్లనే పిలిచాను. అటెండర్ బండికి జంప్ కేబుల్ వేసి స్టార్ట్ చేసుకుని తీసుకెళ్లాం.

బానెట్ ఎత్తలేదు ముందు. స్టూలు మీద కూర్చుని ప్రశ్నలు అడిగాడు. ఎన్ని రోజులు ఆపితే దిగుతుంది? ప్రతిసారీ దిగుతుందా, ఒక్కోసారా? మొదటిసారి ఎప్పుడు దిగింది? దానికి ముందు ఆర్నెల్లలో బండికి కొత్తగా ఏం బిగించారు? రెండో శనివారం సంగతి చెప్పాను. ప్రతి రెండో శనివారమూ కాదు, మూడుసార్లకు ఒకసారి ఎలాగోలా స్టార్ట్ అవుతుంది అని కూడా చెప్పాను, ఆయన దాన్ని రెండుసార్లు చెప్పించుకున్నాడు. 2023 ఎండాకాలంలో రివర్స్ కెమెరాతో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించామని బాపుకు గుర్తొచ్చింది. అంతకు ముందెప్పుడో రిమోట్ సెంట్రల్ లాక్ కూడా బయట వేయించిందే.

"మేడమ్, ఈ రోజు ఏం కొనొద్దు. ముందుగాల కొలుద్దాం" అన్నాడు. బండి అక్కడే వదిలి రమ్మన్నాడు, రాత్రంతా బ్యాటరీని బయట చార్జింగ్ పెట్టి పొద్దున చూస్తానన్నాడు. వెతికినందుకు 900 తీసుకుంటానని, దొరక్కపోతే ఒక్క రూపాయి వద్దని ముందే చెప్పాడు.

మరునాడు ఆదివారం, నేనూ బాపూ పొద్దున్నే పోయాం. అక్కడ మూడు గంటలు కూర్చుని చూసిందంతా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, లెక్కల టీచర్ని కదా, అంకెలు వదలబుద్ధి కాదు. చార్జర్ తీసి గంటసేపు ఊరికే పెట్టిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీకి ఉండాల్సింది అంతే. 12.2 ఉంటే సగం దిగినట్టు, 12 కంటే కిందికి పోతే దాదాపు ఖాళీ అయినట్టు. బ్యాటరీకి లోడ్ టెస్టర్ పెట్టి చూసి, కాస్త దెబ్బతింది గానీ ఇంకో ఏడాది పైనే లాగుతుంది, మార్చొద్దు అన్నాడు. సీసం బ్యాటరీ అడుగంటా ఖాళీ అయి అట్లనే పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, అది మళ్లీ చార్జింగ్‌కు పూర్తిగా కరగదు, అట్లా పదిసార్లయితే కొత్త బ్యాటరీ అయినా చస్తుంది. మా 14 నెలల బ్యాటరీ కథ అప్పుడు అర్థమైంది నాకు. దానికి తోడు మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు. ఎండకు బ్యాటరీ లోపలి నుంచే అరిగిపోతుంది, ఆ దెబ్బ తర్వాత చలికాలంలో పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు బయటపడుతుంది.

తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి కొలిచాడు. 14.2 వోల్టులు. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ అన్నీ వేసినా 13.6 కంటే తగ్గలేదు. మీటర్‌ను ఏసీ వోల్టుల (చల్లటి ఏసీ కాదు, ఆల్టర్నేటింగ్ కరెంటు) వైపు తిప్పి ఇంకోసారి పెట్టాడు, ఎందుకు భాయ్ అంటే డైనమోలో డయోడ్ (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం) పోతే చార్జింగ్ బాగానే కనిపిస్తుంది కానీ బండి ఆపాక అదే డయోడ్ గుండా కరెంటు వెనక్కి కారుతుంది, అట్లా ఉంటే ఇక్కడ అర వోల్టు పైన ఏసీ కనిపిస్తుంది అన్నాడు. మాది చాలా తక్కువ చూపించింది. అంటే డైనమో శుభ్రంగా ఉంది.

ఇక్కడ ఒక విషయం బయటపడింది, మేం అసలు అనుకోనిది. స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ కాస్త బద్ధకంగా తిరుగుతోందని గమనించి, మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, ఇంకో మొన ఇంజిన్ దిమ్మ మీద పెట్టి బాపును తాళం తిప్పమన్నాడు. 0.9 వోల్టులు వచ్చింది. రెండు చోట్లా ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వచ్చే దారి) ఒకటే కావాలి, తేడా 0.2 దాటకూడదు. అంటే బ్యాటరీ ఇచ్చే వోల్టుల్లో దాదాపు ఒకటి దారిలోనే పోతోంది. గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ వైరు బోల్టు విప్పి నా చేతిలో పెట్టాడు. పైకి బాగానే ఉంది. లగ్గు (వైరు చివర బోల్టు పట్టే లోహపు కొన) కింద వైపు తిప్పి చూస్తే పాత రాగి చెంబు అడుగున ఉంటుందే, అట్లాంటి పచ్చటి చిలుము, దాని కింద తుప్పు, గోరుతో గీకితే పొడి రాలుతోంది. జడలా అల్లిన తీగల్లో సగం తెగిపోయి కూడా ఉన్నాయి. కొత్త ఎర్త్ వైరు వేసి, బాడీ మీద ఆ చోటు గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూశాడు. మళ్లీ కొలిస్తే 0.1.

ఇది బ్యాటరీని దించే రోగం కాదు, కానీ సగం దిగిన బ్యాటరీతో స్టార్ట్ అవ్వాల్సిన బండిని స్టార్ట్ కానివ్వని రోగం. రెండు రోగాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి కాబట్టే మాకు ఏదీ అర్థం కాలేదు. పాత బండి మీద ఒక్కటే తప్పు ఉంటుందనుకుని వెతికే వాళ్లు మొదటిది దొరకగానే ఆగిపోతారు. ఈయన ఆగలేదు, ఎర్త్ దొరికింది కదా భాయ్ అని బాపు అంటే "ఇది వేరే సార్, మీ కరెంటు తినేటోడు ఇంకా లోపల్నే ఉన్నడు" అన్నాడు.

అసలు పని ఇప్పుడు మొదలైంది. డ్రైవర్ డోర్ తెరిచి ఉంచాలి, ఎందుకంటే ఫ్యూజు బాక్సు స్టీరింగ్ కింద ఉంది. కానీ డోర్ తెరిచి ఉందని బండికి తెలియకూడదు. అందుకని ఆ డోర్ ఫ్రేములో ఉండే చిన్న బుడిపె స్విచ్‌ను లోపలికి నొక్కి టేపు వేశాడు. మిగతా డోర్లు మూసి, తాళంచెవి తీసి షెడ్డు లోపల పెట్టించాడు. బ్యాటరీ మైనస్ కేబుల్ ఊడదీసి, కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్యలో మీటర్ కలిపాడు, ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో. ఊడదీసే ముందే ఒక జంపర్ వైరు వేసి ఉంచాడు, మధ్యలో కరెంటు తెగితే తప్పు చేస్తున్న యూనిట్ రీసెట్ అయిపోయి ఆ పూట బుద్ధిగా కూర్చుంటుందట. మీటర్ కలిశాక జంపర్ తీసేశాడు. ఇట్లా మీటర్ ఉన్నప్పుడు పొరపాటున కూడా తాళం తిప్పొద్దని బాపుకు రెండుసార్లు చెప్పాడు. సెల్ఫ్ మోటార్ వంద ఆంపియర్ల పైన లాగుతుంది, మీటర్ లోపలి ఫ్యూజు క్షణంలో ఎగిరిపోతుంది.

తర్వాత ఇరవై నిమిషాలు ఏమీ చేయలేదు. చాయ్ తెప్పించాడు. లాక్ యూనిట్, స్టీరియో అన్నీ నిద్రపోవడానికి టైమ్ ఇవ్వాలి, అంతకు ముందు చూసిన అంకె లెక్కలోకి రాదు. ఆ చాయ్ టైమ్‌లో మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక బండి సంగతి చెప్పాడు. ఒక్క రాత్రికే బ్యాటరీ పడిపోయేదట. బ్రేక్ పెడల్ పైన స్విచ్‌ను నొక్కే చిన్న రబ్బరు బిళ్ల ఎండకు ఎండి పొడైపోయి, బ్రేక్ లైట్లు రాత్రంతా వెలుగుతున్నాయి, బండిని గోడ వైపు వెనక పెట్టి ఆపుతారు కాబట్టి ఎవరూ చూడలేదు. నేను లెక్క వేశాను, రెండు 21 వాట్ల బల్బులంటే మూడున్నర ఆంపియర్లు, మాలాంటి బ్యాటరీ పది గంటల్లో ఖాళీ.

ఇరవై నిమిషాల తర్వాత మా మీటర్ మీద 0.42. ఆంపియర్లు. ఇట్లాంటి పాత బండికి 0.02, 0.03 ఉంటే సరి, 0.05 దాటితే వెతకాల్సిందే. నేను అక్కడే గుణించాను. 0.42ను 24తో గుణిస్తే రోజుకు పది ఆంపియర్ అవర్లు. శుక్రవారం సాయంత్రం అయిదు నుంచి సోమవారం పొద్దున ఎనిమిది దాకా 63 గంటలు, అంటే 26. ఉన్నదే 35, అదీ నిండుగా ఉంటే. మామూలు శనివారం సాయంత్రం నుంచి సోమవారం దాకా అయితే 39 గంటలు, 16 పైచిలుకు, అంటే సగం మిగులుతుంది, మూలుగుతూ స్టార్ట్ అవుతుంది. రెండేళ్లుగా మమ్మల్ని తిప్పలు పెట్టిన సంగతి అంతా ఆ ఒక్క అంకెలో ఉంది. నాకైతే కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది, బాపు ఊరికే ఆ మీటర్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూస్తాడేమో అనుకున్నాను, చాలామంది చేసేది అదే. ఈయన ఇంకో మీటర్ తీసి మిల్లీవోల్టుల మీద పెట్టి, ఫ్యూజు తల మీద రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, వాటి మీద రెండు మొనలూ ఆనించుకుంటూ పోయాడు. కరెంటు పారని ఫ్యూజు సున్నా చూపిస్తుంది. పారుతున్నదైతే ఒకటో రెండో మిల్లీవోల్టులు. పీకి పెడితే నిద్రపోయిన యూనిట్లు మళ్లీ లేస్తాయి కాబట్టి ఇది మేలు. రేడియో ఫ్యూజు మీద ఒకటికి పైగా చూపించింది. అప్పుడు ఆ ఒక్కటే పీకాడు. 0.42 కాస్తా 0.16.

స్టీరియో బయటికి లాగి చూపించాడు. వెనక పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండాల్సింది, గడియారం, సెట్టింగులు గుర్తుంచుకోవడానికి. ఎర్ర వైరు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాల్సింది. బిగించినవాళ్లు ఆ రెండింటినీ కలిపి మెలేసి, టేపు చుట్టి, ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకే ఇచ్చేశారు. స్క్రీన్ బటన్ నొక్కితే నల్లగా అయ్యేది, మేం ఆగిపోయిందనుకున్నాం, లోపల మాత్రం రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది. ఆ టేపు జిగురు కారి వేలికి అంటుకుంటోంది. ఎర్ర వైరును విడదీసి తాళంతో వచ్చే లైనుకు కలిపి, టంకం వేసి, స్లీవ్ ఎక్కించాడు.

మిగిలిన 0.16 మాత్రం చాలాసేపు ఏడిపించింది. ఫ్యూజుల్లో దొరకలేదు, సెంట్రల్ లాక్ వైరు బ్యాటరీ నుంచి నేరుగా తీసుకున్నారు మరి. డైనమో మెయిన్ వైరు విప్పి చూశాడు, మార్పు లేదు, మళ్లీ బిగించాడు. ఆ ప్రయత్నంలో ఉండగా, పక్క షాపు పిల్లవాడు చాయ్ గ్లాసులు తీసుకుపోతూ మా బండి ఎడమ వెనక డోర్‌కు ఆనుకున్నాడు. మీటర్ మీద అంకె 0.02కు పడింది. వాడు లేచాడు, మళ్లీ 0.16. భాయ్ ఏం మాట్లాడకుండా వాణ్ని మళ్లీ ఆనుకోమన్నాడు. 0.02. లేవమన్నాడు. 0.16.

ఆ డోర్ ఫ్రేములోని స్విచ్ విప్పితే రబ్బరు టోపీ పగిలిపోయి లోపల నీళ్లు చేరి స్ప్రింగు తుప్పు పట్టింది, బుడిపె సగమే లోపలికి పోతోంది. డోర్ గట్టిగా వేస్తే ఒక్కోసారి సరిగ్గా నొక్కుకుంటుంది, లేకపోతే లేదు. డోర్ తెరిచే ఉందనుకుని ఆ లాక్ యూనిట్ నిద్రపోకుండా కూర్చునేది. లోపలి లైటు వెలిగుంటే మాకూ తెలిసేది, కానీ మా అక్క కొడుకు దాంతో ఆడుకుంటున్నాడని బాపు ఎప్పుడో దాన్ని పూర్తిగా ఆఫ్‌లో పెట్టేశాడు, మా మోడల్‌లో డోర్ తెరిచి ఉంటే చూపించే గుర్తు కూడా డాష్‌బోర్డులో లేదు. ఎడమ వెనక డోర్ అంటే నేను నోట్‌బుక్‌ల సంచి పెట్టే డోర్. పేపర్లు దిద్దడానికి ఇంటికి తెచ్చుకున్న వారాల్లో ఆ డోర్ తీసి వేసేదాన్ని, మిగతా వారాల్లో ముట్టుకునేదాన్ని కాదు. మూడుసార్లకు ఒకసారి బండి స్టార్ట్ అవడానికి కారణం అది. ఆయన మొదటి రోజు ఆ మాటను రెండుసార్లు ఎందుకు అడిగాడో అప్పుడు తెలిసింది.

మొత్తం బిల్లు 1,500. వెతికినందుకు 900, ఎర్త్ వైరు 250, డోర్ స్విచ్ 180, వైరూ లగ్గులూ స్లీవులూ కలిపి 170. సామాను 600 అయితే కూలి 900 ఏంటని పక్కన నిలబడ్డ ఒకాయన అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. మనవాళ్లు కొత్త సామాను డబ్బా చేతికిస్తే 4,000 మారుమాట లేకుండా ఇస్తారు, తప్పు ఎక్కడుందో కనిపెట్టిన తెలివికి 900 ఇమ్మంటే బేరం ఆడతారు. అందుకే చాలామంది మెకానిక్‌లు వెతకడం మానేసి సామాను మార్చడం పట్టుకున్నారని నాకనిపిస్తుంది. మేం రెండు బ్యాటరీలకూ రెగ్యులేటర్‌కూ కలిపి తగలేసిన దాంట్లో ఈ 900 ఎంత? నేను కూలికి వెయ్యి ఇవ్వబోతే చెప్పినంతే తీసుకుని వంద వెనక్కి ఇచ్చాడు.

నచ్చనివీ చెప్పాలి. ఫోన్ అస్సలు ఎత్తడు, పని మధ్యలో ఉంటే మోగుతూనే ఉంటుంది. రోజుకు రెండు మూడు బండ్లకంటే ఒప్పుకోడు, అర్జెంటు అంటే వేరే చోటికి పొమ్మంటాడు. కూర్చోవడానికి ఒకే బల్ల, రోడ్డు దుమ్మంతా మన మీదే, ఆడవాళ్లకు బాత్రూమ్ వసతి లేదు. రాతపూర్వకంగా బిల్లు ఇవ్వడం అలవాటు లేదు, నేను పట్టుబట్టి అడిగితే ఒక తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. స్టీరియో చుట్టూ ఉండే ప్లాస్టిక్ ఫ్రేము తీసేటప్పుడు ఒక క్లిప్పు విరిగింది, అది ఆయనే చూపించి చెప్పాడు గానీ ఇప్పటికీ ఆ మూల గుంతల్లో టిక్కుటిక్కుమంటోంది. కొత్త కార్లు, కంప్యూటర్ పెట్టి చూడాల్సినవి ఆయన ముట్టడు, అది ముందే చెప్తాడు.

ఇంట్లో మీరే కొలుచుకోవాలనుకుంటే మామూలు డిజిటల్ మీటర్ చాలు, నేనూ ఒకటి కొన్నాను, నెలకోసారి చూస్తున్నాను. ఆంపియర్లు చూశాక ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోంచి తీసి వోల్టుల రంధ్రంలో పెట్టడం మర్చిపోవద్దు, అట్లనే తీసుకెళ్లి బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ ఆనిస్తే నేరుగా షార్ట్. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర, ఎందుకంటే ప్లస్ విప్పుతున్న స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి. మీటర్ అంకె 0.05 లోపు ఉండి కూడా బండి స్టార్ట్ కాకపోతే ఎర్త్ వైపు చూడండి. చేలల్లోనో వడ్ల మిల్లు పక్కనో బండి ఆపేవాళ్లు ఎలుకలు కొరికిన వైర్ల కోసం బానెట్ కింద ఒకసారి టార్చి వేసి చూడండి, ఆ షెడ్డులో నేను ఉన్న మూడు గంటల్లోనే అట్లాంటిది ఒకటి వచ్చింది.

బండి తెచ్చుకున్న తర్వాత మూడు రెండో శనివారాలు పోయాయి. సంక్రాంతికి ఆరు రోజులు కదలకుండా ఉంది, అంకె 0.02 కాబట్టి మూడు ఆంపియర్ అవర్లు కూడా పోలేదు, మొదటి తిప్పుడుకే స్టార్ట్ అయింది. ఆ పొద్దున బాపు అలవాటుగా స్పానర్ పట్టుకుని బయటికి వచ్చాడు, నేను అప్పటికే గేటు దాటుతున్నాను, అద్దంలో చూస్తే చేయి ఊపుతున్నాడు.

పోవాలనుకునేవాళ్లు పొద్దున పది లోపు పోండి, ఇంజిన్ చల్లగా ఉంటే పని తొందరగా అవుతుంది. శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉంటుంది. మీ బండికి బయట ఏమేం బిగించారో, ఎప్పుడు బిగించారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి, ఆయన మొదట అడిగేది అదే.